వెట్టి రద్దయింది, లెక్క తేలలేదు: జోగిపేట నుంచి పటాన్‌చెరు దాకా

తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో జోగిపేట పేరు సాధారణంగా ఒక్కసారే కనిపిస్తుంది. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగిన ఊరు అది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. వెనక ఉండి నడిపించినవాడు మాడపాటి హనుమంతరావు. దానితోపాటే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. పోటీ పరీక్షలు రాసే పిల్లలు ఈ పేర్లన్నీ కంఠతా పెడతారు. అదే సభలో జరిగిన ఇంకో సంగతి మాత్రం వాళ్ల గైడుల్లో అంత తొందరగా దొరకదు. ఆ సభకు ఆది హిందువుల నాయకుడు భాగ్యరెడ్డివర్మ వచ్చాడు. అంటరాని కులాల మనిషి ఆ సభలో మాట్లాడటానికి సవర్ణ ప్రతినిధుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు.

ఈ సంగతి బరువు తెలియాలంటే ఇంకో తొమ్మిదేళ్లు వెనక్కి పోవాలి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్‌లో సంఘసంస్కార సభ జరిగింది. అందులో అలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని వాళ్లు గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానాన్ని తట్టుకోలేక బయటికొచ్చిన తెలుగువాళ్లు పెట్టుకున్నదే ఆంధ్ర జన సంఘం. అది పెరిగి పెద్దదై జోగిపేటలో మహాసభ అయింది. అంటే, తమ భాషలో మాట్లాడనివ్వలేదన్న బాధ నుంచి పుట్టిన సభలో, అదే భాష మాట్లాడే ఇంకో మనిషిని మాట్లాడనివ్వకూడదని కొందరు పట్టుబట్టారు. మొదటి అవమానం నుంచి ఒక జాతీయోద్యమం పుట్టింది. రెండో అవమానం పుస్తకంలో అడుగున చిన్న అక్షరాల్లో మిగిలింది. ఎవరి అవమానం చరిత్ర అవుతుంది, ఎవరి అవమానం చిల్లర సంగతి అవుతుంది అన్నది కూడా వారసత్వంగా వచ్చే ఆస్తే.

ఈ వ్యాసం జోగిపేట సభ గురించి కాదు. ఆ రోజు సభలో వాళ్లకు అక్కరలేని మనిషి ఏ జనం తరఫున వచ్చాడో, ఆ జనానికి తర్వాత తొంభై అయిదేళ్లలో ఏం ముట్టింది, ఏం ముట్టలేదు అన్నదాని గురించి. తాతల కాలం అన్యాయం మనవల దాకా ఏ దారిలో నడిచి వస్తుంది? రక్తంలో రాదు, తలరాతలో రాదు. చట్టాల్లో, పహాణీల్లో, పరిహారం జాబితాల్లో, హాజరు పట్టీల్లో నడిచి వస్తుంది. ఆ దారిని చూపించడమే ఇక్కడి పని.

భాగ్యరెడ్డివర్మ తెచ్చిన ప్రశ్న

1888లో హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్యే భాగ్యరెడ్డివర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1911లో అది మన్య సంఘం అయింది. ఆ తర్వాత ఆది హిందూ సంఘసేవా సంస్థగా మారింది. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు ఆయనే అధ్యక్షుడు. పంచములమని పిలిపించుకోవడం మాకు ఒప్పదని ఆ సభ ఆది ఆంధ్ర అన్న పేరు పెట్టుకుంది. హైదరాబాదు రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందూ అన్న పేరు నమోదు కావడానికి ఈ ఉద్యమమే కారణం.

ఆది అన్న మాటను మనం ఉత్త ఆత్మగౌరవ నినాదంగానే చదువుతుంటాం. అందులో ఆస్తి లెక్క కూడా ఉంది. మేం ఈ నేలకు మొదటివాళ్లం అన్నప్పుడు, ఈ నేల మా చేతుల్లోంచి ఎట్ల పోయింది అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. భాగ్యరెడ్డివర్మ చేసిన పనులు చూస్తే ఆయనకు ఈ వారసత్వం సంగతి బాగా తెలుసనిపిస్తుంది. 1910లో ఇసామియా బజారులో మొదలుపెట్టి 1930ల నాటికి రెండు డజన్లకు పైగా బడులు నడిపాడు. ఉర్దూలో చదువు నడిచే రాజ్యంలో వెలివాడ పిల్లలకు తెలుగులో చదువు చెప్పించాడు. జోగిని, బసివి, మురళి ఆచారాల మీద పోరాడాడు. ఇవి రెండు వేర్వేరు సంస్కరణలు కావు. ఒకటి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే చాకిరిని తెంపే పని. ఇంకొకటి తల్లి నుంచి బిడ్డకు వచ్చే చాకిరిని తెంపే పని. జోగినిగా వదిలిన ఆడపిల్ల ఊరి పెద్దలందరి సొత్తు. ఆమెకు పుట్టిన బిడ్డకు తండ్రి పేరు ఉండదు కాబట్టి తండ్రి ఆస్తిలో పాలూ ఉండదు. జోగిని ఆచారాన్ని మూఢనమ్మకం అని మాత్రమే అంటే సగమే చెప్పినట్టు. దొర రక్తం పంచుకు పుట్టిన బిడ్డ దొర భూమిని పంచుకోకుండా కాపాడిన ఏర్పాటు అది. దాన్ని నిషేధించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1988కి గాని రాలేదు.

వెట్టి అంటే ఏమిటి

వెట్టి అనగానే మన కళ్ల ముందు గడి, దొర, పల్లకి కనిపిస్తాయి. దొర దుర్మార్గుడు, జనం అమాయకులు అన్న సినిమా కథ అది. వెట్టి ఒక మనిషి దుర్మార్గం మీద నడవలేదు, ఒక పద్ధతి మీద నడిచింది. ఆ పద్ధతిలో ప్రతి కులానికీ ఒక పని ఉంది. అన్ని కులాల వెట్టీ ఒక్కటి కాదు.

మంగలి, చాకలి, కుమ్మరి కూడా దొరకు వెట్టి చేశారు. మాల మాదిగలది ఊరంతటికీ చేసే ఎట్టి. బేగరి, నీరటి, ఎట్టి, మస్కూరి, సేత్‌సింధీ అని పేర్లు వేరువేరు. సర్కారు మనిషి వస్తే సామాను మోయాలి, కబురు తీసుకొని పరుగెత్తాలి, చెరువు తూము కాయాలి, డప్పు కొట్టి చాటింపు వెయ్యాలి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి, శవాన్ని పూడ్చాలి. దీనికి బదులు కల్లం మీద ఇంత గింజలు, ఎక్కడన్నా కాస్త ఇనాం చెక్క. ఇదే బలుత. సంగారెడ్డి, మెదక్ ప్రాంతంలో నేటికీ బేగరి అన్నది ఎన్నో మాల కుటుంబాల ఇంటి పేరు. చాకిరి పేరే ఇంటి పేరయి కూర్చుంది.

ఇది కాక భాగేలా. పెండ్లికో, చావుకో, కరువులో తిండికో పటేల్ దగ్గర అప్పు తెచ్చిన మనిషి ఆ అప్పు తీరేదాకా జీతం ఉండాలి. గింజలు తెస్తే నాగు వడ్డీ. అప్పు రాసేది పటేల్, కూడేది పట్వారీ, వేలిముద్ర వేసేది జీతగాడు. జీతగాడు చస్తే కొడుకు జీతానికి పోవాలి. అట్లా ఒక ఇంట్లో భూమి వారసత్వంగా దిగినట్టే ఇంకో ఇంట్లో బాకీ వారసత్వంగా దిగింది. ఇవి ఒకే లెక్క పుస్తకంలోని రెండు పేజీలు. ఇటు పక్క తగ్గింది అటు పక్క పెరిగింది. దళితుల బీదతనాన్ని విడిగా చదివితే అర్థం కాదనేది ఇందుకే. దాన్ని అవతలి పేజీతో కలిపి చదవాలి.

రద్దు చేసినప్పుడు పరిహారం ఎవరికి?

వెట్టిని వద్దంటూ నిజాం సర్కారు ఉత్తర్వులు ఇచ్చింది. అవి ఊళ్లోకి వచ్చేసరికి చదివి వినిపించాల్సినవాడు పట్వారీయే. భాగేలా ఒప్పందాలను కట్టడి చేస్తూ 1936లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. పోలీసు చర్య తర్వాత 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం, 1955లో తెలంగాణ ప్రాంత ఇనాముల రద్దు చట్టం, 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. వరసగా చదివితే విముక్తి మెట్లు మెట్లుగా వచ్చినట్టే ఉంటుంది.

ఒక్కో మెట్టు మీద ఎవరికి ఏం దక్కిందో చూద్దాం. జాగీర్లు పోయినప్పుడు జాగీర్దార్లకు పోయిన ఆదాయం లెక్కగట్టి ఏండ్ల తరబడి సర్కారు సొమ్ము ఇచ్చింది. కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారుకు హక్కు దొరికింది. కౌలుకు చెయ్యాలంటే సొంత ఎడ్లు, నాగలి, విత్తనం ఉండాలి. జీతం ఉన్నవాడికి అవేవీ లేవు. చేను దున్నిన చెయ్యి వాడిదే అయినా, కాగితం మీద వాడు సాగుదారు కాడు. దాంతో ఆ చట్టం మేలు ఎక్కువగా వ్యవసాయ కులాలకే చేరింది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం బాకీని కొట్టేసింది. మూడు తరాల పని కూలిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అంటే చాకిరి చేయించుకున్నవాడికి పోయింది ఏమిటో సర్కారు లెక్కగట్టింది. చాకిరి చేసినవాడికి రావాల్సింది ఏమిటో ఏ సర్కారూ లెక్కగట్టలేదు.

ఇది మన ఒక్క దగ్గరే జరిగిన విచిత్రం కాదు. బ్రిటన్ 1833లో బానిసత్వం రద్దు చట్టం చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసల యజమానులకు. బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పైగా 1838 దాకా అదే యజమాని దగ్గర అప్రెంటిసులన్న పేరుతో పని చేయించింది. ఆ పరిహారం కోసం తెచ్చిన అప్పు బ్రిటన్ ప్రజల పన్నుల్లోంచి తీరేసరికి 2015 వచ్చింది. బానిసలు వదిలిపోయిన మారిషస్ చెరుకు తోటలకు మన తీరం నుంచి, గంజాం, విశాఖల నుంచి తెలుగు కూలీలను ఓడలెక్కించారు. అమెరికాలో అంతర్యుద్ధం ముగింపులో, 1865 జనవరిలో, జనరల్ షెర్మన్ ఉత్తర్వు ప్రకారం దక్షిణ తీరంలో నల్లవాళ్లకు కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడాది తిరక్కముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. బానిస అన్న పేరు పోయింది. పాలికి పంట చేసే బీద రైతు మిగిలాడు. వాడి అప్పు పుస్తకం కూడా తెల్ల భూస్వామి దుకాణంలోనే ఉంది.

1946లో అంబేడ్కర్ అమెరికా నల్లవాళ్ల మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లవాళ్ల సమస్యను ఐక్యరాజ్యసమితి ముందు పెడుతున్నారని తెలిసి, ఆ వినతిపత్రం ప్రతులు కావాలని అడిగాడు. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలు కులాన్ని కూడా చర్చకు తేవాలని పట్టుబడితే, భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. కులమూ జాతీ ఒకటేనా కాదా అన్న వాదం ఎన్నాళ్లయినా చేసుకోవచ్చు. రెంటికీ మధ్య ఒక పోలిక మాత్రం కాగితాల మీదే ఉంది. రద్దు చేసినప్పుడు పరిహారమో, భూమో యజమానికే ముట్టింది, చాకిరి చేసినవాడికి ఉత్త చేతులతో స్వేచ్ఛ ముట్టింది.

షరతు పెట్టి ఇచ్చిన భూమి

దళితులకు సర్కారు భూములు పంచింది కదా అని కొందరు మిత్రులు అడుగుతారు. పంచింది. లావణి పట్టా అంటారు, అసైన్‌మెంట్ అంటారు. ఇచ్చినవి ఎక్కువగా ఖారిజ్ ఖాతా, సర్కారీ భూములు. ఊరికి దూరం, రాళ్లు, గరుసు, నీళ్లు లేవు. ఎడ్లు లేనివాడికి, అప్పు పుట్టనివాడికి ఆ భూమి ఇచ్చి దున్నుకోమన్నారు. కాగితం ఒకచోట, భూమి ఒకచోట, కబ్జా ఇంకొకరిది. ఇట్లాంటి కథ లేని దళితవాడ ఈ జిల్లాలో ఉందా?

ఆ పట్టా కూడా అందరి పట్టా వంటిది కాదు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల చట్టం ఆ భూమిని అమ్మకూడదంది. బలవంతుల చేతుల్లోకి పోకుండా కాపాడటానికి అది అవసరమే. కానీ పట్టాలో ఇంకో షరతు ఉంది. సర్కారుకు అవసరం పడితే వెనక్కి తీసుకోవచ్చు. ఆ షరతు చూపించి ఏండ్ల తరబడి దళితుల భూముల్ని సరైన పరిహారం ఇవ్వకుండానే తీసుకున్నారు. 1993లో మార్కెట్ ధర మేర ఎక్స్‌గ్రేషియా ఇవ్వొచ్చని ఒక జీవో వచ్చింది. ఎక్స్‌గ్రేషియా అంటే హక్కు కాదు, దయ. అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా, సొలేషియంతో కలిపి పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది 2004లో. పటాన్‌చెరు చుట్టుపక్కల పారిశ్రామిక వాడలు పుట్టి పెరిగింది అంతకు ముందు ముప్పై ఏండ్లలో. తీర్పు వచ్చేనాటికే ఎంతో భూమి చేతులు దాటిపోయింది.

పరిహారం పట్టా వెనకే నడుస్తుంది

జోగిపేట నుంచి సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరు దాకా వచ్చే దారిలోనే ఈ లెక్క అంతా కనిపిస్తుంది. జోగిపేటకు దగ్గర్లో మంజీర మీద సింగూరు ఆనకట్ట. సుమారు 30 టీఎంసీల నీళ్లు, హైదరాబాదు గొంతు తడపడానికి కట్టింది. పటాన్‌చెరు దగ్గర 1972లో వచ్చిన ఇక్రిశాట్. మెట్ట పంటల మీద ప్రపంచంలో పేరున్న పరిశోధన కేంద్రం. సుమారు 3,400 ఎకరాల ఆవరణ. దాని కోసం రెండు ఊళ్లను లేపి వేరేచోటికి తరలించారు. దాని పక్కనే, వెనకబడిన జిల్లా అన్న పేరుతో రాయితీలిచ్చి తెచ్చిన ఫ్యాక్టరీలు: పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజిపల్లి.

వీటన్నిటికీ భూమి తీసుకున్నది 1894 నాటి భూసేకరణ చట్టం కింద. ఆ చట్టానికి భూమి మీద హక్కున్నవాడు మాత్రమే కనిపిస్తాడు. ఆ భూమిలో నాట్లేసి, కలుపు తీసి, కోత కోసి బతికే మనిషి కనిపించడు. చేను పోతే ఆసామికి సొమ్ము వస్తుంది, కూలికి పని పోతుంది. ఆ సొమ్ముతో ఆసామి సంగారెడ్డిలో ఇల్లు కట్టాడు, కొడుకును చదివించాడు. కూలి అడ్డా మీదికి పోయాడు. భూమి లేని కూలీలు కూడా నష్టపోయినవాళ్లేనని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. నూట పందొమ్మిది ఏండ్లు.

కాలుష్యం విషయంలోనూ ఇదే వరస. 1980ల నాటికే నక్కవాగు, ఇస్కవాగుల్లోకి రసాయనాల నీళ్లు దిగి చెరువులు, బావులు పాడయ్యాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివాళ్లు, చుట్టుపక్కల రైతులు ఎన్నో ఏండ్లు కొట్లాడారు. 1990లో సుప్రీంకోర్టుకు పోయారు. 2001లో కేసు హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు పోయింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో మందుల అవశేషాలు ప్రపంచంలో ఎక్కడా చూడనంత ఎక్కువగా ఉన్నాయని ప్రకటించారు. ఇది గొప్ప పోరాటం. దాన్ని తక్కువ చెయ్యడం మన ఉద్దేశం కాదు. అయితే ఆ కేసులో కోర్టు ఇప్పించిన పరిహారం ఎట్లా పంచారు? ఎకరాల లెక్కన. పంట పోయిన రైతుకు ఇన్ని ఎకరాలకు ఇంత అని. అది న్యాయమే. కానీ అదే వాగు నీళ్లు తాగి గొడ్డు చచ్చినవాడికి, అదే పొలంలో పనిదినాలు పోయినదానికి, అదే నీళ్లలో బట్టలుతికి ఒళ్లంతా దద్దుర్లు తేలినదానికి ఎకరం లేదు కాబట్టి లెక్కా లేదు. విషం అందరికీ సమానంగా పారింది. పరిహారం మాత్రం పట్టా ఉన్న ఇంటికే పోయింది. 1949లో జాగీర్దారుకు ముట్టి ఎట్టివాడికి ముట్టకపోవడానికీ, ఇక్కడ ఆసామికి ముట్టి కూలికి ముట్టకపోవడానికీ మూలం ఒక్కటే. నష్టాన్ని ఆస్తితో కొలిస్తే, ఆస్తి లేకుండా చేయబడ్డవాడికి నష్టమే జరగనట్టు లెక్క తేలుతుంది.

ఇక ఫ్యాక్టరీ లోపలి సంగతి. భూమి పోయిన ఊరివాళ్లకు ఉద్యోగాలు అన్నారు. భూమే లేనివాడు భూమి పోయినవాడి జాబితాలోకి ఎట్లా ఎక్కుతాడు? చదువు లేదని, నైపుణ్యం లేదని, లోడింగు దగ్గర, ఊడ్చే దగ్గర, ట్యాంకులు కడిగే దగ్గర, గేటు బయట కాంట్రాక్టరు కింద నిలబెట్టారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహారు, ఒడిశా వంటి దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఇక్కడి వెలివాడ పిల్లవాడైనా, అక్కడి పల్లె నుంచి రైలెక్కి వచ్చినవాడైనా పనిలోకి పోయే దారి మేస్త్రీ చేతిలోనే ఉంటుంది. పటేల్ పోయాడు, మేస్త్రీ వచ్చాడు. అడ్వాన్సు ఇచ్చి మనిషిని పట్టుకునే పద్ధతి మాత్రం పోలేదు.

ప్రతిసారీ మొదటి తరమే

చదువుకుంటే అంతా పోతుందని మనకు మనమే చెప్పుకుంటాం. చదువు లేకుండా ఏదీ పోదు, నిజమే. కానీ దళితుల చదువు గురించి మాట్లాడేటప్పుడు మొదటి తరం అన్న మాటను ఒకసారి ఆగి చూడాలి. భాగ్యరెడ్డివర్మ బడుల్లో అక్షరాలు దిద్దినవాళ్లు బడికి మొదటి తరం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఉండి పదో తరగతి దాటినవాళ్లు పదో తరగతికి మొదటి తరం. 1980లలో మొదలైన గురుకులాల నుంచి వచ్చినవాళ్లు ఇంటర్‌కు, డిగ్రీకి మొదటి తరం. ఈనాడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నవాళ్లు పరిశోధనకు మొదటి తరం. నాలుగు తరాలు నడిచినా ప్రతి తరమూ మొదటి తరంగానే గడప తొక్కుతోంది. ఎందుకంటే ముందు తరం అక్కడికి చేరేలోపు గడప ఇంకో మెట్టు పైకి జరిగింది. అవతలి ఇంట్లో తాత గ్రంథాలయం పెట్టించాడు, తండ్రి వకీలయ్యాడు, బిడ్డ అమెరికా పోయింది. అక్కడ తరం మీద తరం పేరుకుంటుంది. ఇక్కడ తరం తర్వాత తరం కొత్తగా మొదలవుతుంది. మొదటి నెల జీతం అక్కడ బ్యాంకులో పడితే, ఇక్కడ చెల్లె పెండ్లి బాకీకి పోతుంది.

చాకిరి పేరు మారడం కూడా ఇట్లాంటిదే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులు రద్దు చేసింది. ఊరి అడుగున ఉన్న ఎట్టి, నీరటి, బేగరి పనులు మాత్రం గ్రామ సేవకులు, ఆ తర్వాత వీఆర్ఏలు అన్న పేర్లతో కొద్దిపాటి గౌరవ వేతనం మీద నడిచాయి. తండ్రి తర్వాత కొడుకు అదే పనిలోకి వచ్చిన ఇండ్లు ఎన్నో. తెలంగాణ ప్రభుత్వం 2023లో వీఆర్ఏ వ్యవస్థను రద్దు చేసి, 20 వేలకు పైగా మందిని వేరువేరు శాఖల్లోకి తీసుకుంది. నిజాం కాలపు ఎట్టి, స్కేలు ఉన్న సర్కారు కొలువు కావడానికి మూడు నాలుగు తరాలు పట్టిందన్నమాట.

అంతా మారిపోయింది కదా?

మారలేదనడం అబద్ధం. ఆందోల్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. 1930లో జోగిపేటలో ఏ కులాల మనిషి మాటకు అడ్డు వచ్చిందో, ఆ కులాల నుంచే ఇక్కడి ఎమ్మెల్యే వస్తాడు. ఇక్కడి నుంచి గెలిచిన దామోదర రాజనర్సింహ 2011 నుంచి 2014 దాకా ఉప ముఖ్యమంత్రి, 2023 డిసెంబరులో మళ్లీ మంత్రి. ఇది చిన్న విషయం కాదు. ఇది రిజర్వేషన్ తెచ్చిన మార్పు. వేదిక మీద చోటు దొరికింది. అయితే వేదిక మీద చోటు ఇచ్చే చట్టం వేదిక కింద భూమి ఎవరిదన్న ప్రశ్న అడగదు.

మన లోపల కూడా ఒకే లెక్క లేదు. మాదిగకు తోలు పనిలో వచ్చిన అవమానం, మాలకు బేగరిగా వచ్చిన చాకిరి, డక్కలి, చిందు, మాస్టిన్ వంటి ఆశ్రిత కులాలకు వచ్చిన అడుక్కునే గతి ఒకటి కావు. 1994లో దండోరా లేవనెత్తిన ప్రశ్న ఇదే. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లదంది, 2024 ఆగస్టు 1న చెల్లుతుందంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా రిజర్వేషన్ పంచారు. ఆ మంత్రివర్గ ఉపసంఘానికి ఆందోల్ ఎమ్మెల్యే ఉపాధ్యక్షుడు. వెనకటి అన్యాయం అందరికీ ఒకే కొలతలో అందలేదని చట్టం ఒప్పుకున్న సందర్భం ఇది. తమ్ముల మధ్య లెక్క తేల్చినంత శ్రద్ధగా ఊరి మీది లెక్క కూడా తేల్చమని అడగాల్సిన బాధ్యత ఇప్పుడు మాల మాదిగలిద్దరిదీ.

బీదతనం దానంతట అదే తరాల మీదికి పాకుతుందన్న వాదం ఒకటుంది. చెడు అలవాట్లు, తాగుడు, పట్టింపు లేనితనం అని పెద్దమనుషులు చెప్పే మాటలు. దానికి జవాబు ఇదే జిల్లాలో జహీరాబాదు వైపు ఉంది. 1980ల నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన దళిత మహిళలు, ఎందుకూ పనికిరాదని తమకు అంటగట్టిన గరుసు భూముల్లో రాళ్లేరి, కట్టలు పోసి, జొన్న, కొర్ర, సామ, కంది కలిపి పండించారు. 1990లలో ఊళ్లోనే గింజలు సేకరించి ఊళ్లోనే పంచే సొంత పంపిణీ నడిపారు. నాగు గింజల కోసం పటేల్ ఇంటి ముందు నిలబడిన ఆడవాళ్ల బిడ్డలే గింజల గిడ్డంగి తాళంచెవులు పట్టుకున్నారు. వాళ్ల అలవాట్లు మారలేదు, చేతిలో భూమి, పక్కన సంఘం ఉన్నాయి. అంతే తేడా. 2014లో దళితులకు మూడెకరాలన్న పథకం వచ్చింది. రాష్ట్రంలో లక్షల కుటుంబాలకు భూమి లేదు. కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆ పథకం ఆగింది. భూమి ధర పెరిగింది కాబట్టి కొనలేమన్నారు. ధర లేనప్పుడు దళితుడికి కాగితం లేదు, ధర వచ్చినప్పుడు దళితుడికి భూమి లేదు.

చెయ్యాల్సిన పని

ఉపన్యాసాలు మనకు తక్కువ లేవు. లేనిది ఊరివారీ లెక్క. కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు కలిసి చెయ్యగలిగిన పని ఇది. తెలంగాణలో ప్రతి ఊరికీ సేత్వార్ ఉంది, 1954–55 కాస్రా పహాణీ ఉంది, ఆ తర్వాతి చెస్సల పహాణీ ఉంది. ఆ ఏండ్లలో సాగుదారు కాలంలో ఎవరి పేరు ఉంది, తర్వాత ఎప్పుడు ఎవరి పేరుకు మారింది అన్నది చూడాలి. 2017–18 భూరికార్డుల ప్రక్షాళన తర్వాత వచ్చిన పాసుపుస్తకాల్లో, 2020 ధరణిలో అనుభవదారు కాలం కనపడకుండా పోయింది. 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ ఎన్ని పేర్లు మార్చినా పాత పహాణీ పాతదే. ఎట్టి ఇనాం సర్వే నంబర్లు ఏవి, అవి ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి? అసైన్డ్ భూముల్లో ఎన్ని ఫ్యాక్టరీలకు, రోడ్లకు, ఆనకట్టకు పోయాయి, ఎంత ఇచ్చారు? కాలుష్య పరిహారం జాబితాలో వెలివాడ నుంచి ఎన్ని పేర్లున్నాయి? ఊరి బడి రిజిస్టరులో మొదటి దళిత విద్యార్థి పేరు ఏ సంవత్సరంలో ఎక్కింది, ఏ తరగతిలో ఆగింది?

దీనితోపాటు ఇంట్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి అడగాలి. తాత ఎవరి దగ్గర జీతం ఉన్నాడు, ఎంత బాకీకి, ఎన్నేండ్లు? అవ్వ ఎవరి పొలంలో పని చేసింది, కూలి గింజలా, పైసలా? ఈ మాటలు చెప్పేటప్పుడు చాలామంది తల వంచుకుంటారు. సిగ్గుపడాల్సింది చాకిరి చేసినవాళ్లు కాదని వాళ్లకు చెప్పాలి. రాసుకోవాలి. పేరు, ఊరు, ఏడాది, పని, కూలి. అయిదారు ఊళ్లలో ఇట్లా రాస్తే చాలు, భూమిలో, పరిహారంలో, కొలువుల్లో ఎందుకు వాటా అడుగుతున్నామో ఎవరూ మనకు నేర్పాల్సిన పని ఉండదు.

జోగిపేట సభలో భాగ్యరెడ్డివర్మ మాట్లాడటానికి అడ్డు చెప్పినవాళ్లు భయపడింది ఒక ఉపన్యాసానికి కాదు. ఆ మనిషి మాట్లాడటం మొదలుపెడితే లెక్క అడుగుతాడని భయపడ్డారు. ఇప్పుడు మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అడగాల్సిన లెక్క మాత్రం అట్లాగే ఉంది.